మనసు పెట్టడం ఎలా?

పరీక్షలు దగ్గరపడే కొలదీ మన క్వార్టర్లలో ప్రతి ఇంటా వినవచ్చే మాట "మనసు పెట్టి చదువు" అన్నదే. ఆ మనసును ఎలా పెట్టాలో మాత్రం పిల్లలకు ఎవరూ నేర్పరు. ఈ మాసం ఆ విషయాన్నే ముచ్చటించుకుందాం.

'మైండ్‌ఫుల్‌నెస్' అని నేడు వ్యవహరిస్తున్న దానిని మనం 'ఎరుక' అనవచ్చు. బౌద్ధ ధ్యాన సంప్రదాయం నుండి దీనిని గ్రహించి, మతంతో నిమిత్తం లేని శిక్షణగా మలచి, 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో రోగులకు నేర్పనారంభించినవారు జాన్ కబట్-జిన్. అనంతరం అది బడులకూ చేరింది. ఢిల్లీ ప్రభుత్వం 2018లో తన పాఠశాలలలో ప్రవేశపెట్టిన 'హ్యాపీనెస్ కరికులమ్'లో దీనికి చోటు కల్పించారు.

పద్ధతి సులువే. నిటారుగా కూర్చుని శ్వాసను గమనించాలి. మనసు ఎటో పోయిందని తెలియగానే, విసుగు చెందక, తిరిగి శ్వాసపైకి తెచ్చుకోవాలి. ఆ మరలి రావడమే సాధన. తెలుగువారికి ఇది కొత్తగా తోచనక్కరలేదు. అష్టావధానంలో అవధాని పద్యం కూర్చుతుండగానే అప్రస్తుత ప్రసంగి అడ్డు తగిలి, పొంతన లేని ప్రశ్న వేస్తాడు. అవధాని కోపగించుకోక, చమత్కారంగా బదులిచ్చి, విడిచిన పాదం వద్దకే వస్తాడు. (మన ఇళ్లలో ఈ ప్రసంగి పాత్రను సెల్‌ఫోను దివ్యంగా పోషిస్తున్నది!)

ఉద్వేగాల విషయంలో నాకు బాయిలరు గేజి గుర్తుకు వస్తుంది. అది డ్రమ్ములోని నీటిమట్టాన్ని పెంచదు, తగ్గించదు, చూపుతుంది, అంతే. అయినా అది లేనిదే ఆపరేటరు చేతులు ఆడవు. లెక్క కుదరని పిల్లవాడు పుస్తకం విసిరికొట్టే ముందు దవడలు బిగుసుకుంటాయి, గుండె వేగం హెచ్చుతుంది. "నాకు కోపం వస్తున్నది" అని అప్పుడే గుర్తించగలిగితే, ఆగడానికి ఒక క్షణం వ్యవధి చిక్కుతుంది. పరీక్ష హాలులోని భయమూ అటువంటిదే. మనసు ఒకేసారి నిలుపుకోగలిగినది బహు స్వల్పం. ఆ కాస్త చోటునూ భయం ఆక్రమిస్తే, వచ్చిన సూత్రం సైతం స్ఫురణకు రాదు.

అయితే ఇది సర్వరోగ నివారిణి అనే ప్రచారంతో నేను ఏకీభవించను. బ్రిటన్‌లో 8 వేలమందికి పైగా విద్యార్థులపై జరిగిన 'మిరియడ్' అధ్యయన ఫలితాలు 2022లో వెలువడ్డాయి. తరగతి మొత్తానికి నేర్పిన ఈ శిక్షణ, అక్కడి బడులలో మామూలుగా జరిగే బోధనకంటే మిన్న అని తేలలేదు. పిల్లలలో అత్యధికులు ఇంటివద్ద సాధన చేయనే లేదు.

కనుక ర్యాంకు కోసమని బిడ్డను తెల్లవారుజామున 4 గంటలకు లేపి "ధ్యానం చెయ్యి" అని శాసించడం, ఉన్న ట్యూషన్లకు మరొకటి చేర్చడమే అవుతుంది. రాత్రి భోజనానంతరం టీవీ కట్టివేసి, ఐదు నిమిషాలు తామే కూర్చుని చూడవలసిందిగా తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలు వచ్చి పక్కన కూర్చుంటే సంతోషం. రాకుంటే బలవంతం వద్దు. వారాల తరబడి నిద్రాహారాలు మాని, ఎవరితోనూ మాట్లాడని బిడ్డ విషయంలో మాత్రం శ్వాసను నమ్ముకుని జాగు చేయరాదు. వైద్యుని సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన 'టెలీ మానస్' ఉచిత సహాయ కేంద్రానికి 14416 నంబరుపై ఫోను చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.