‘నమస్తే సర్’ కొట్టివేత
ప్రోగ్రామింగ్ ఫోరాల్లో ‘పనిచేయట్లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్’ అని మాత్రమే రాసి ఊరుకునేవాళ్ల మీద నాకూ చిరాకే. ఎర్రర్ ఏమొచ్చిందో, వెర్షన్ ఏదో చెప్పకపోతే జబ్బు దాచి మందు అడిగినట్టే. ప్రశ్న ఎలా అడగాలో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్ 2001లోనే పెద్ద వ్యాసం రాశాడు. జవాబు చెప్పేవాళ్లెవరూ మన జీతగాళ్లు కారు. అయితే ఏ వివరం ముఖ్యమో ముందే తెలిసిన పిల్ల అసలు అడగడానికి ఎందుకొస్తుంది? మన కుర్రాళ్లకు ఇంకో చిక్కుంది. పెద్దల్ని పలకరించకుండా పని చెప్పకూడదని ఇంట్లో నేర్పాం కదా, ‘నమస్తే సర్’తో మొదలుపెట్టి ‘థాంక్స్ ఇన్ అడ్వాన్స్’తో ముగిస్తారు. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఆ రెండూ చెత్త కింద లెక్క, ఎవరో వచ్చి కొట్టేస్తారు. వాళ్లకది శుభ్రం చేయడం. మన కుర్రాడికేమో మొహం మీద తలుపేసినట్టు. 2008లో మొదలైన ఆ సైటు, కొత్తవాళ్లను సరిగా ఆదరించడం లేదని 2018లో తానే ఒప్పుకుని వాళ్ల ప్రశ్నల దగ్గర ‘కొత్త సభ్యులు, మెల్లగా చెప్పండి’ అన్నట్టు ఓ గుర్తు పెట్టింది. అదే ఏడాది లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కూడా తన నోటిదురుసుకు క్షమాపణ చెప్పుకున్నాడు. (ఆయన తిట్లు తిన్నది ఎక్కువగా తలపండిన ప్రోగ్రామర్లే లెండి.) స్టాక్ ఓవర్‌ఫ్లో పెట్టిన గుర్తు సరే, ‘ఇది పాత ప్రశ్న’ అని మూసేసేవాళ్లు ఆ పాత జవాబు కొత్తగా అడిగిన పిల్లకు ఎలా వర్తిస్తుందో ఒక్క వాక్యం రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది?