కోడికి టికెట్టుందా, లేదా?

మన పల్లెవెలుగు బస్సుల్లో కోడిని తీసుకుపోవచ్చునా, కూడదా? రూలు ఒకటి చెబుతుంది, రోజూ జరిగేది మరొకటి. ఈ రెంటి నడుమ నలుగుతున్నది కోడిని పెంచుకునే బీదాబిక్కీ.

2022 ఫిబ్రవరిలో జరిగిన ముచ్చట పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గోదావరిఖని డిపో బస్సులో ఒక ప్రయాణికుడు పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోతున్నాడు. వెంట గుడ్డ కప్పిన పుంజు. సుల్తానాబాద్ వచ్చేసరికి గుడ్డ కదిలింది. కండక్టరు చూసి పుంజుకు 30 రూపాయల టికెట్టు కొట్టాడు. ఆ వీడియో దేశమంతా తిరిగింది, అందరూ నవ్వుకున్నారు. కాని జీవాలను బస్సులో తీసుకుపోవడం నిబంధనలకు విరుద్ధమని, ఆ ప్రయాణికుణ్ణి దింపవలసిందని డిపో మేనేజరు చెప్పారు.

ఇది నవ్వి ఊరుకోదగ్గ విషయం కాదు. టికెట్టు కొన్నదీ తప్పు, ఇచ్చిందీ తప్పు అయితే మరి ఒప్పేది? కారున్నవాడు కోడిని కారులో వేసుకుపోతాడు. స్కూటరున్నవాడు ముందు పెట్టుకుంటాడు. ఏ బండీ లేని మనిషికి బస్సే దిక్కు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. మంచిదే. అయితే అంగడిలో అమ్మి నాలుగు రూపాయలు తెచ్చుకుందామని ఆమె పట్టుకొచ్చిన పెట్టకు మాత్రం మెట్టు ఎక్కే వీలు లేదు.

కోడి మన ఇళ్లలో ఒట్టి కూర వస్తువు కాదు. యైటింక్లయిన్ కాలనీ క్వార్టర్ల వెనుక చూసినా, మంథని వైపు పల్లెల్లో చూసినా గూడు కనిపిస్తుంది. చేతిలో గింజలు తిని పెరిగిన పుంజుకు పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు. ఇరవై ఒక్క రోజులు పొదిగి పిల్లల్ని లేపిన పెట్టను ఇంటి ఆడవాళ్లు సొంత ఆస్తిగా చూసుకుంటారు. కొక్కెర రోగం తగిలితే గూడంతా ఖాళీ అవుతుంది. టీకా వేయించాలంటే పశువైద్యశాలకు పోవాలి. అత్తగారింటికి పోయే బిడ్డకు పెట్టను పంపాలన్నా, మొక్కు చెల్లించాలన్నా బస్సే ఎక్కాలి. 2024 మేడారం జాతరప్పుడు బస్సుల్లోకి కోళ్లను, మేకలను తేవద్దని ఆర్టీసీ ప్రకటించింది.

దొంగచాటు ప్రయాణం వల్ల ఏమవుతుందో 2024 జనవరిలో కరీంనగర్‌లో చూశాము. వరంగల్ నుంచి వేములవాడ పోయే బస్సులో సంచిలో ఒక పుంజు దొరికింది. డిపోవారు దాన్ని కట్టేసి మేపి, చివరికి వేలం వేస్తామన్నారు. ఇంతలో అది నాదేనని ఒకాయన ముందుకొచ్చాడు. వేలం కూడదని జంతు ప్రేమికులు అడ్డుపడ్డారు. వేలం ఆగింది. ఆ పుంజుకు ఒక టికెట్టు ముక్క ఉండి ఉంటే అది ఎవరిదో తేల్చడానికి ఇంత రభస అవసరమయ్యేదా?

తోటి ప్రయాణికుల ఇబ్బందిని కాదనలేము. బట్టలు ఖరాబవుతాయి, వాసన వస్తుంది. కొందరికి రెక్కల దుమ్ము పడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు ఆంధ్ర కోళ్ల బండ్లను మన సరిహద్దుల్లో ఆపివేశారు. ఆ జాగ్రత్త న్యాయమే. కాని నిషేధం వల్ల కోళ్లు బస్సెక్కడం ఆగలేదు. గుడ్డ కిందికి, సంచి లోపలికి పోయాయి. సంచిలో ఊపిరాడక చచ్చే కోడి గురించి ఎవరడగాలి? జీవాలను బాధపెట్టి తరలించడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. ఇక్కడ రూలే మనిషిని ఆ నేరం వైపు నెడుతున్నది.

మార్గం కష్టమైనదేమీ కాదు. పల్లెవెలుగు బస్సుల్లో మాత్రమే, మనిషికి రెండు కోళ్లకు మించకుండా అనుమతించాలి. మూతగల గాలాడే బుట్టలో, అడుగున గోనె పరిచి, వెనుక సీట్ల దగ్గరే పెట్టాలి. సామాను మాదిరిగా ఒక ధర నిర్ణయించి టికెట్టు ఇవ్వాలి. రోగం ఉన్నదని పశువైద్యాధికారులు ప్రకటించిన రోజుల్లో పూర్తిగా నిలిపివేయాలి. ఈ నాలుగు మాటలు తెలుగులో రాసి ప్రతి బస్టాండులో అంటిస్తే కండక్టరుకూ భయముండదు, ప్రయాణికుడికీ తగాదా ఉండదు.

మన పక్షాన కూడా బాధ్యత ఉన్నది. కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసే అలవాటు మానాలి. జబ్బు కోడిని బస్సెక్కించరాదు. బుట్ట కింద పడ్డ మురికిని తీసినవారే తుడవాలి.

గోదావరిఖని, మంథని డిపోల అధికారులు ఈ విషయాన్ని పై అధికారుల దృష్టికి తీసుకుపోవాలి. గ్రామసభల్లో తీర్మానాలు చేసి పంపితే బలం చేకూరుతుంది. ముప్పై రూపాయల టికెట్టు కొట్టిన ఆ కండక్టరు రూలు తప్పాడేమో గాని, న్యాయం తప్పలేదని మా అభిప్రాయం.