బడి గది కప్పు సంగతి ఎవరికి పట్టింది?

మార్చి సగం కాగానే ఒంటిపూట బడులు మొదలవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా పిల్లలను ఇళ్లకు పంపించి, ఎండ నుంచి వారిని కాపాడామని అధికారులు తృప్తి పడుతున్నారు. కాని ఎండ సర్క్యులరు చూసుకుని రాదు. ఫిబ్రవరి ఆఖరులోను, జూన్ 12న బడులు తెరిచాక మంచి వాన పడేదాకాను సాయంత్రం వరకు చదువు సాగవలసిందే. పదవ తరగతి పిల్లలకు పైన ప్రత్యేక తరగతులు కూడా వుంటాయి. ఆత్మకూర్ (ఎస్) మండలంలో గాని, సూర్యాపేట జిల్లాలో మరెక్కడ గాని ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడు గంటలకు స్లాబు గదిలో కూర్చుని లెక్క చేయడం ఎంత కష్టమో పెద్దలు ఒక్కసారి కూర్చుని చూస్తే తెలుస్తుంది.

పూర్వపు గూనపెంకుల ఇంట్లో ఈ బాధ ఇంతగా లేదు. గోడలు మందం, పెంకుల సందుల్లోంచి వేడి గాలి పైకి పోయేది. సిమెంటు స్లాబు అలా కాదు. పొద్దుటి నుంచి ఎండను తాగి, కొన్ని గంటలు ఆగి, సరిగ్గా చివరి పీరియడ్ల వేళకు ఆ వేడిని పిల్లల నెత్తిన దించుతుంది. వానలకు పాచి పట్టి నల్లబడిన స్లాబు మరీ ఎక్కువ వేడెక్కుతుంది. ఫ్యాను వేస్తే కప్పు కింద నిలిచిన వేడి గాలినే కిందికి తోస్తుంది. అదీ కరెంటు వున్నప్పుడు. ఇక రేకుల షెడ్డులో పొయ్యి ముందు నిలబడి మధ్యాహ్న భోజనం వండే ఆడవారి అవస్థ వేరే చెప్పాలా?

2022 మార్చిలో ప్రారంభించిన 'మన ఊరు - మన బడి' పథకంలో పన్నెండు రకాల పనులు చేర్చారు. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు, బల్లలు, రంగులు, ప్రహరీ, వంటగది అన్నీ వున్నాయి. అన్నీ అవసరమే. కాని గదిలో వేడి అన్న మాట ఆ పన్నెండింటిలో లేదు. గోడలకు బొమ్మలు వేయించినా కప్పు మీదికి ఎవరూ చూడలేదంటే శోచనీయమే.

2023 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు అది తప్పనిసరి అన్నారు. 300 చదరపు కిలోమీటర్ల కప్పు లక్ష్యంగా పెట్టుకుని, అందులో 200 హైదరాబాద్‌కే కేటాయించారు. పల్లెటూరి బడి ఆ లెక్కలో ఎక్కడుందో విద్యాశాఖ చెప్పాలి. చదరపు మీటరుకు 300 రూపాయల ఖర్చని అప్పట్లో అన్నారు. ఇరవై అడుగుల చదరపు గదికి 11 వేల రూపాయలు చాలన్న మాట.

అంత సొమ్ము కూడా లేదంటారా? సున్నం వుంది. మేళ్లచెరువు, మఠంపల్లి ప్రాంతాల సున్నపురాయితో సిమెంటు కార్ఖానాలే నడుస్తున్నాయి. అలాంటి జిల్లాలో బడికి నాలుగు బస్తాల సున్నం కరువా? తెల్లని కప్పు ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి కొడుతుంది. గదిలో రెండు మూడు డిగ్రీల వేడి తగ్గుతుంది. నలభై మంది పిల్లలున్న గదిలో అది తక్కువేమీ కాదు.

హెడ్మాస్టరు ఒక్కడి వల్ల అయ్యే పని కాదిది. 2024లో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలలో మహిళా సంఘాల వారే వున్నారు. మరమ్మతుల అంచనాలలో కప్పు సున్నం కూడా రాయించాలని వారు పట్టుబట్టాలి. ముందు స్లాబు పగుళ్లు పూడ్చి, పాచి గీకించాలి. కిటికీలకు అడ్డంగా పేర్చిన విరిగిన బెంచీలు తీయించి ఎదురెదురుగా గాలి ఆడేలా చూడాలి. పడమటి గోడ పక్కన కానుగ, వేప మొక్కలు నాటితే నాలుగైదేళ్లలో నీడ వస్తుంది. సున్నం వానలకు కడుక్కుపోతుంది గనుక ఏటా వేయవలసిందే. సంక్రాంతి సెలవుల్లో వేయిస్తే ఫిబ్రవరి ఎండలకు కప్పు తెల్లగా వుంటుంది.