నడుములు విరుస్తున్న మంచాలు

ఆసుపత్రి మంచం రోగి పడుకోవడానికే అనుకుంటాం. కానీ స్టాఫ్ నర్సులకూ, ఆయాలకూ అది పనిచేసే చోటు. దుప్పట్లు మార్చడం, ఒళ్లు తుడవడం, బెడ్‌పాన్ పెట్టడం, పుండ్లు పడకుండా రోగిని పక్కకు తిప్పడం, కిందికి జారిన మనిషిని పైకి లాగడం - అన్నీ దాని మీదికి వంగి చేయవలసిన పనులే. చేసేవాళ్లలో అత్యధికులు స్త్రీలే.

మన ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో ఎక్కువగా కనిపించేది ఎత్తు మారని ఇనుప మంచం. కాళ్ల దగ్గర హ్యాండిల్ తిప్పితే తలవైపు లేస్తుందే తప్ప మంచం మొత్తంగా పైకి రాదు. పనిచేసేటప్పుడు నడుము ఎత్తుకు లేపుకోగలిగితే వీపు అంతగా వంచనక్కరలేదు. రోగి దిగేటప్పుడు కిందికి దించితే అతను పడిపోయే భయమూ తగ్గుతుంది. అలాంటి మంచాలు కొత్త వింతేమీ కాదు. పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల్లో ఉన్నాయి.

బరువు సంగతి చూద్దాం. రోగులను చేతులతో ఎత్తే పనిలో ఒక్కరి మీద పడే బరువు సుమారు 16 కిలోలు మించకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ శాస్త్రవేత్త 2007లో లెక్కకట్టారు. 60 కిలోల రోగిని ఇద్దరు ఎత్తితే ఒక్కొక్కరికి 30 కిలోలు! రాత్రి డ్యూటీలో ఆ రెండో మనిషి ఎక్కడ దొరుకుతుంది? అక్కడ టెక్సాస్ 2005లో, కాలిఫోర్నియా 2011లో దీనికోసం చట్టాలు చేశాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లో చేసిన 149వ ఒడంబడిక, భద్రతా చట్టాలను నర్సింగ్ పనికి తగినట్టు మెరుగుపరచమంటుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు.

యంత్రంలో పడి చెయ్యి తెగితే ప్రమాదమంటారు. ఏళ్ల తరబడి వంగి వంగి దెబ్బతిన్న వెన్నును మాత్రం కాన్పుల వల్ల, వయసు వల్ల వచ్చిన ఆడవాళ్ల నొప్పి అని కొట్టిపారేస్తారు. 'సేవ' అన్న గొప్ప మాట చాటున శ్రమ కనిపించకుండా పోతోంది. కాంట్రాక్టు ఆయా నడుము పట్టి పనికి రాలేకపోతే ఆమె జీతం, ఉద్యోగం ఏమవుతాయి?

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ ఆసుపత్రులకు పరికరాలు కొనడానికి ప్రత్యేక సంస్థలున్నాయి. వాటి టెండరు నిబంధనల్లో మంచం ఎత్తు మారే ఏర్పాటు తప్పనిసరి కావాలి. కొనుగోలు కమిటీల్లో నర్సులు, ఆయాలు కూర్చోవాలి. కొత్త మంచాలు వచ్చేలోగా రోగిని సులువుగా జరిపే నున్నటి షీట్లయినా ప్రతి వార్డుకూ ఇవ్వాలి. వాటికయ్యే ఖర్చు తక్కువ. వెన్ను గాయాన్ని పనిలో తగిలిన గాయంగా నమోదుచేసి, కాంట్రాక్టు వాళ్లకు కూడా జీతంతో సెలవు ఇవ్వాలి.

రోగుల హక్కులకు ఇది పోటీ కాదు. నడుము విరిగిన చేతులతో ఏ రోగినీ భద్రంగా లేపి కూర్చోబెట్టలేం.