‘మనోళ్ళేనా బ్రో?’ అని అడిగినోడిని కిక్ చెయ్యాలి

రాత్రి పదకొండు దాటింది. ఒక బ్యాటిల్ రాయల్ గేమ్‌లో రాండమ్ స్క్వాడ్. నలుగురం దిగాం, ఇద్దరు అవుట్, జోన్ మీదకొచ్చేస్తోంది. "ఎడం పక్క చెట్టు వెనకాల ఉన్నాడండి" అన్నాను మైక్‌లో. అంతే, ఆ "అండి" దగ్గర దొరికిపోయాను.

"గోదారోళ్ళా బ్రో?"

"ఆయ్. అమలాపురం దగ్గర."

"దగ్గరంటే ఏ ఊరు?"

చెప్పాను.

"ఆ ఊళ్ళో ఏ వీధి?"

వీధి ఎందుకు అడుగుతున్నాడో కోనసీమలో పుట్టినవాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. తర్వాతి ప్రశ్న కూడా అనుకున్నదే వచ్చింది: "మనోళ్ళేనా?" నేను మాట్లాడలేదు. కాసేపటికి నాకు బుల్లెట్ తగిలి కింద పడ్డాను. వాడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. రివైవ్ చెయ్యలేదు. కంగారులో చూసుకోలేదేమో, నాకు తెలీదు. కానీ ఆ అనుమానం నాకు వచ్చిందంటేనే ఆ మ్యాచ్‌లో గేమ్ అయిపోయినట్టు.

ఇక్కడ మనం ఎప్పుడూ మాట్లాడుకునేది 90 ఎఫ్‌పీఎస్ వస్తుందా, అరగంట ఆడితే ఫోన్ పెనంలా కాలిపోతుందా అనే కదా. నేనూ అవే చూసి ఫోన్ కొంటాను. అయితే గేమ్‌లో అవతల ఉన్నది మనిషి. ఆ మనిషితో మాట ఎలా మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నది కూడా గేమ్ డిజైనే. మనం వాడే గేమ్స్‌లో చాలావరకు ఆ పని ఒక మైక్ బటన్ ఇచ్చేసి చేతులు దులుపుకున్నాయి.

ఆర్‌పీ సర్వర్లు చూసినవాళ్ళకి మెటా గేమింగ్ అనే మాట తెలుసు. తెలియనివాళ్ళ కోసం: జీటీఏ 5లో ఫైవ్‌ఎమ్ మీద నడిచే రోల్‌ప్లే సర్వర్లలో మీరు ఒక పాత్ర. పోలీసో, మెకానిక్కో, దొంగో. బయట స్ట్రీమ్‌లో చూసో, డిస్కార్డ్‌లో వినో తెలుసుకున్న విషయాన్ని పాత్రలోకి తెచ్చి వాడుకుంటే అది మెటా గేమింగ్. మామూలుగా దానికి వార్నింగ్, ఇంకోసారి చేస్తే బ్యాన్.

నా వాదన ఒక్కటే. ఎదుటివాడి కులం కూపీ లాగడం కన్నా పెద్ద మెటా గేమింగ్ ఏముంది? వాడు మెకానిక్‌గా వచ్చాడు. నువ్వు వాడి ఇంటిపేరు బయట నుంచి తెచ్చి లోపల వాడుతున్నావు. స్పాన్ లొకేషన్ లీక్ చేసినవాడికి బ్యాన్ ఉన్నప్పుడు దీనికెందుకు ఉండదు?

నిజానికి ఈ రూల్ మన ఊళ్ళకి కొత్త కాదు. పగటి వేషగాళ్ళు స్టేజీ, తెర ఏమీ లేకుండా పట్టపగలే వీధిలోకి వచ్చేసేవారు. అది వేషమని చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు. అయినా "నువ్వు ఫలానావాడి కొడుకువి కదరా" అని మధ్యలో వేషం విప్పించడం మర్యాద కాదు. వేషం ఉన్నంతసేపూ మాటలన్నీ ఆ వేషంతోనే. మా తాతయ్య ఆ కబుర్లు చెప్తుంటే నాకు ఆర్‌పీ సర్వర్ రూల్స్ చదువుతున్నట్టే ఉండేది.

ఇది ఎందుకింత సీరియస్‌గా రాస్తున్నానంటే, 2022 నాకు ఇంకా గుర్తుంది. ఆ మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద అమలాపురంలో అల్లర్లు జరిగాయి. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. నెట్ ఆపేశారు. అప్పటికి మాకు నలుగురి స్క్వాడ్ ఉండేది. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, నేను. ఒకరి ఇంటిపేరు ఒకరికి తెలియకుండానే చాలా నెలలు ఆడాం. నెట్ వచ్చాక లాగిన్ అయితే ఇద్దరి ఐడీల పక్కన కొత్త ట్యాగులు. ఏం ట్యాగులో మీరు ఊహించగలరు. ఆ నలుగురం మళ్ళీ ఒక్క మ్యాచ్ కూడా కలిసి ఆడలేదు.

కంపెనీలు ఏమీ చెయ్యట్లేదా అంటే చేస్తున్నాయి, మన భాషలో కాదు. కాల్ ఆఫ్ డ్యూటీ 2023లో వాయిస్ చాట్‌లో తిట్లు పట్టే ఏఐ, టాక్స్‌మాడ్, తెచ్చింది. ముందు ఉత్తర అమెరికాలో ఇంగ్లీషుతో మొదలు, తర్వాత ప్రపంచమంతా అన్నారు. ఆ ప్రపంచంలో ఆసియా లేదు. పైగా "మనోళ్ళేనా" అన్నది ఏ లిస్టులోనూ బూతు కాదు. దాన్ని పట్టుకోవాలంటే తెలుగు వచ్చిన మోడరేటర్ కావాలి, ఆ మాట వెనక ఏముందో తెలిసిన మోడరేటర్.

మోడరేటర్ కన్నా ముందు డిజైన్‌తో ఆపొచ్చు. స్కై: చిల్డ్రన్ ఆఫ్ ద లైట్ ఆడారా? 2019లో మొబైల్‌కి వచ్చింది. అందులో కొత్త మనిషి మీకు ముందు ఒక నీడలా కనిపిస్తాడు. కొవ్వొత్తి వెలిగించి ఇచ్చుకుంటే రూపం కనిపిస్తుంది. చాట్ కావాలంటే స్నేహం ఇంకొంచెం ముదరాలి, లేదా పక్కపక్కన బెంచీ మీద కూర్చోవాలి. అంతవరకు చేతులూపడం, చెయ్యి పట్టుకుని ఎగరడం. మాట అన్నది మొదటి సెకనులోనే చేతికిచ్చే బటన్ కాదు అక్కడ. షూటర్లలో ఇలా కుదరదంటారా? ఏపెక్స్ లెజెండ్స్ పింగ్ సిస్టమ్ చూడండి. శత్రువు ఎక్కడ, గన్ ఎక్కడ, ఎటు వెళ్దాం, అన్నీ ఒక్క బటన్‌తో, నోరు తెరవకుండా. మా చెల్లి ఆడేది పింగ్‌ల మీదే. మైక్ ఆన్ చేస్తే ఏమవుతుందో ఒక్కసారి చూసింది, చాలనుకుంది. ఆడపిల్ల గొంతు వినగానే మొదలయ్యే వాగుడు గురించి ఇంకో ఆర్టికల్ రాయాలి, అది నేను కాదు, తనే రాయాలి.

మాట తగ్గిస్తే సోషల్ ఎలా అవుతుందని అడగొచ్చు. మాట్లాడడానికి గేమ్‌లోనే కారణం ఉండాలంటాను నేను. 2003 నాటి స్టార్ వార్స్ గెలాక్సీస్‌లో యుద్ధం చేసి అలసిన ప్లేయర్ కాంటీనాకి వెళ్ళి, అక్కడ డాన్సర్‌గానో మ్యూజీషియన్‌గానో ఆడుతున్న ఇంకో ప్లేయర్ ప్రదర్శన చూస్తేనే అలసట తగ్గేది. చూస్తూ కూర్చున్నవాళ్ళు ఊరికే ఉంటారా? కబుర్లు పుట్టేవి. ఇప్పటి ఆర్‌పీ సర్వర్లలో జాబ్స్ చాలావరకు ఒంటరివి. లారీ ఎక్కు, మార్కర్ దాకా తోలు, డబ్బులు పడతాయి. మన అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌లా ఒక జాబ్ ఉంటే ఎలా ఉంటుందో చూడండి. దింపేవాడు ఒకడు, వలిచేవాడు ఇంకొకడు, బేరం ఆడేవాడు మూడోవాడు, లారీ నాలుగోవాడిది. ఒకడు లేకపోతే కాయ కదలదు. అక్కడ మాట దానంతటదే వస్తుంది, అదీ కాయల గురించి.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏ ఊరు అని అడగడంలో ఆప్యాయత కూడా ఉంటుంది. హైదరాబాద్ హాస్టల్లో కూర్చుని ఆడుతుంటే అవతల ఎవడో "ఆయ్" అంటే ప్రాణం లేచొస్తుంది, నాకైతే. ఊరు పేరు దగ్గర ఆగితే బావుండును. వీధి దాకా వెళ్ళేవాళ్ళతోనే గొడవంతా.

మేం పన్నెండు మందిమి ఇప్పుడు ఫోన్లలోనే ఒక చిన్న మైన్‌క్రాఫ్ట్ వరల్డ్ నడుపుతున్నాం. మధ్యలో గోదారి, అటు రెండు లంకలు. రూల్ ఒకటే: ఎవరు నువ్వు అంటే పాత్ర పేరే చెప్పాలి, వీధి అడిగితే అవుట్. ఇద్దరిని పంపేశాం, అందులో ఒకడు నా ఫ్రెండే, ఇప్పటికీ మాట్లాడట్లేదు. పంటు నడిపేవాడు ఒకడున్నాడు. రేవు దాటించడానికి రెండు చేపలు తీసుకుంటాడు, మూడిస్తే ఒకటి వెనక్కి ఇచ్చేస్తాడు. నాలుగు నెలలైంది. వాడెవడో నాకు ఇంకా తెలీదు.