ఎనిమిది యాడికి పోయింది?



పోయిన ఆదివారం పదో తరగతి అక్క ఒకరు బోర్డు మీద 12345679 అని రాసింది. అందులో 8 లేదు. "నీకిష్టమైన అంకె చెప్పు" అనింది. నేను 5 అన్నాను. అయితే ఐదు తొమ్మిదులు 45తో గుణించు అనింది. 555555555 వచ్చింది! అందరం చప్పట్లు కొట్టినాం. అది మంత్రం సంఖ్య అన్నారు. మా గదిలో ఇద్దరు పరీక్ష అట్ట వెనక రాసుకున్నారు కూడా. (మార్కులు రావు. నేనూ రాసుకొని చూసినాను.)

దాన్ని మంత్రం అనడం తప్పని నా అభిప్రాయం.

మా అవ్వ నల్లమలలో తేనె, జిగురు తెచ్చి సంతలో అమ్ముతుంది. కొనే మనిషి కాలిక్యులేటర్ నొక్కి చూపిస్తాడు. అవ్వ తల ఊపి డబ్బులు కొంగున కట్టుకుంటుంది. ఆయన సరిగ్గా ఇచ్చినాడో, తక్కువ ఇచ్చినాడో అవ్వకు తెలియదు. అవ్వ ఆ కాలిక్యులేటర్‌ను ఎట్ల చూస్తుందో, ఆదివారం మేము బోర్డును అట్లనే చూసినాం. నాకు సిగ్గనిపించింది. మా ఇంట్లో భాగహారం నేర్చిన మొదటి మనిషిని నేనే కదా!

అందుకే ఆ రాత్రి 111111111ని 9తో భాగించినాను. మీరూ చేయండి. 11లో 9 ఒకసారి, శేషం 2. పక్కన ఒకటి దించితే 21. రెండుసార్లు, శేషం 3. మళ్ళీ దించితే 31. మూడుసార్లు, శేషం 4. ఇట్లే పోతా ఉంటే 71 దగ్గర ఏడుసార్లు, శేషం 8. ఒకటి దించితే 81. తొమ్మిది తొమ్మిదులు 81, శేషం సున్న! 8 రావాల్సిన చోట 9 వచ్చి కూర్చుంది. 8 యాడికీ పోలేదు, శేషంలోనే ఉంది.

ఇది తెలిసినాక నాకు చప్పట్ల కంటే ఎక్కువ సంతోషమైంది. చెంచు పిల్లలకు లెక్కలెందుకు అనేవాళ్ళు ఈ భాగహారం ఒకసారి చేసి చూపించాలి.

ఇట్లాంటి గుణకారాలు కొత్తవి కావు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు వీటిని హారాలు అన్నాడు. 152207ని 73తో గుణించి చూడండి, ఎనిమిది ఒకట్ల హారం వస్తుంది. ఆయన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలో రాసినాడు. అంటే వందల ఏండ్ల కిందటే తెలుగులో లెక్కలు చెప్పుకున్నారు. మనమేమో ఎక్కాలు బట్టీ పట్టి, ఎందుకని అడగకుండా పండుకుంటాం.

వార్డెన్ మేడం, ఆదివారం సాయంత్రం అరగంట బోర్డు, సుద్దముక్క మాకు వదలండి. జవాబు చెప్పినవాళ్ళు ఎట్ల వచ్చిందో కూడా చూపించాలి, అదొక్కటే షరతు.

ఇప్పుడు మీకొక లెక్క. 12345679ని 2తో గుణిస్తే 24691358, అందులో 7 లేదు. 4తో గుణిస్తే 5 ఉండదు. 5తో గుణిస్తే 4 ఉండదు. 3తో గుణిస్తే మాత్రం 37037037 వచ్చి అంతా చెడిపోతుంది. ఎందుకు? కాగితం కింద సగం ఖాళీ వదిలినాను. పెన్సిలుతో రాయండి.

– తొమ్మిదో తరగతి