జావా పల్లెలో ఎవరి కావలి?

ఇటీవల మా యూరి గ్రంథాలయ వార్షికోత్సవమున ఒక వక్త తాను జావా ద్వీపమును చూచి వచ్చిన కథ చెప్పి సభవారిని మిక్కిలి రంజింపజేసెను. అచ్చటి పల్లెలలో మగవారు వంతులు వేసికొని రాత్రులు కావలి తిరుగుదురట. ఠాణా అక్కఱలేదట, వ్యాజ్యము లక్కఱలేదట. మన పూర్వ గ్రామములును ఇట్లే యుండెననియు, చట్టములు వచ్చి వానిని చెఱచెననియు ఆయన ముగింపగా చప్పట్లు మ్రోగినవి. మేమును చేతులు కలిపితిమి. ఇంటికి వచ్చిన పిదప సిగ్గుపడితిమి. ఆయన చెప్పినది అబద్ధము కాదు. సగము నిజము.

ఆ సగమునకు దక్కవలసిన గౌరవమును మొదట నిత్తము. జావావారు పల్లెను ‘దేసా’ అందురు. అది మన దేశ శబ్దమే. రాత్రి కావలికి ‘రోందా’ అని పేరు. వాడవాడకు ఒక కావలి పాక యుండును. దాని చూరున తొలిచిన కొయ్యగాని వెదురు బొంగుగాని వ్రేలాడుచుండును. అది ‘కెంతోంగన్’. దానిపై కొట్టు దెబ్బల వరుసయే దాని భాష. దొంగ వచ్చెనని ఒక వరుస, ఇల్లు కాలుచున్నదని వేఱొకటి, వరద వచ్చెనని మఱియొకటి. ఊరూరికి కొంత భేదము కలదు. ఒక పాకవారు మ్రోగించినదానిని ప్రక్క పాకవారు అందుకొందురు. పశువుల దొంగతనమునకు ప్రత్యేకమైన వరుస యుండుట గమనింపదగినది. అక్కడి బీద రైతు కూడబెట్టిన సొమ్మంతయు పశువు రూపముననే యుండును. పెండ్లి వచ్చినను రోగము వచ్చినను అమ్ముకొనునది దానినే. పశుధనమును వారు ‘రాజకాయ’ అందురు. నరహత్యను ‘రాజపతి’ అందురు. సంస్కృతము చదివిన మాబోంట్లు రెండవ మాట విని ఎవరో ప్రభువనుకొని మోసపోవుదుము. జావా భాషలో పతి యనగా చావు.

మాకు ఇంతకంటెను ప్రియమైన ఆచారము ‘జింపితాన్’. చిటికెడు అని దాని యర్థము. ప్రతి యింటి ముందును ఒక చిన్న గిన్నె వ్రేలాడగట్టి అందులో ఇల్లాలు చిటికెడు బియ్యము పోసి యుంచును. కావలివారు తిరుగుచు వానిని సంచిలో పోసికొందురు. ఆ బియ్యపు సొమ్ముతో పాక దీపము, బాట మరమ్మతు, రోగికి సాయము జరుగును. నేడు పలుచోట్ల బియ్యమునకు మాఱు నాణెములు వేయుచున్నారు. ఏది వేసినను గిన్నె కొఱకై కావలివాడు ప్రతి గడపకును పోక తప్పదు గదా! దీనిని కనిపెట్టినవారు మానవ స్వభావము నెఱిగినవారు.

ఇంతవఱకు వక్తతో మాకు పేచీ లేదు. మేమడుగునది వేఱు. ఈ కావలి ఎవరినుండి? కోళ్ల దొంగనుండి, ఎద్దుల దొంగనుండి. మంచిదే. కాని జావా పల్లెను నిజముగా దోచినవారు రాత్రివేళ గోడ త్రవ్వి వచ్చిరా? పట్టపగలు, కాగితముతో, ఊరి పెద్ద ముందు నడువగా వచ్చిరి. 1811లో ఇంగ్లీషువారు జావాను పట్టుకొన్నప్పుడు, మన కైఫీయత్తులను సేకరించిన మెకంజీ దొరయే అచ్చటికి పోయి భూమి హక్కులను విచారించు సంఘమునకు అధ్యక్షుడయ్యెను. భూమి ప్రభువుదే కావున రైతు శిస్తు కట్టవలెనని గవర్నరు రాఫిల్సు నిర్ణయించెను. 1830లో డచ్చి గవర్నరు వాన్ డెన్ బోష్, శిస్తునకు మాఱుగా పల్లె భూమిలో అయిదవ వంతున చెఱకు, నీలిమందు మొదలగు ఎగుమతి పంటలు వేయవలెనని శాసించెను. అయిదవ వంతు కాగితముమీది మాట. పెక్కుచోట్ల అంతకు మించి తీసికొనిరి. పంట ఎంత హెచ్చిన ఊరి పెద్దకు అంత వాటా. కావలివానికి జీతమిచ్చువాడు దొంగయే యైనచో కొయ్య ఎవరికొఱకు మ్రోగును? 1840 దశకము చివర దెమాక్, గ్రొబొగన్ ప్రాంతములలో జనులు కఱవుతో చచ్చిరి, ఊళ్లు విడిచి పాఱిపోయిరి. 1870లో మఱియొక శాసనము వచ్చెను: తనదని ఎవ్వడును రుజువు చేయలేని భూమి యంతయు సర్కారుది. రుజువు చేయవలసినవాడు అక్షరము రాని రైతు!

స్వతంత్రము వచ్చిన పిదప 1960 నాటి భూమి చట్టము ఈ అన్యాయమును కొట్టివేసి, దున్నువానికి భూమి నిచ్చెదనని మాట యిచ్చెను. మాట నెఱవేఱకమునుపే 1965 వచ్చినది. ఆ యేటను మఱుసటి యేటను కమ్యూనిస్టులన్న నెపమున చంపబడినవారు దేశమంతట అయిదు లక్షలకు తక్కువ కారని పలువురు చరిత్రకారుల మతము. మధ్య జావా, తూర్పు జావా పల్లెలలో సైన్యము వెనుక నుండగా పొరుగువాడే పొరుగువానిని చూపించెను. భూమి యడిగినవారు ఆ చచ్చినవారిలో ననేకులు.

కావలి వ్యవస్థకు ఇంకొక చరిత్ర కలదు. దానిని వక్త చెప్పలేదు. నేటి వాడ సంఘములు 1944లో జపానువారు తమ యుద్ధావసరములకై ఏర్పఱచిన ఇరుగుపొరుగు సంఘముల సంతతి. 1980 దశకమున సుహార్తో ప్రభుత్వము రోందాను పోలీసుల యధీనమున నొక పద్ధతిగా దిద్దెను. ఇంటికి చుట్టము వచ్చి యుండినచో ఇరువది నాలుగు గంటలలో వాడ పెద్దకు తెలుపవలెనని పలకలు వ్రేలాడినవి, నేటికిని వ్రేలాడుచున్నవి. అదే కాలమున, 1983 మొదలుకొని, రౌడీలని అనుమానింపబడినవారిని విచారణ లేక కాల్చి శవములను బాటల ప్రక్క పడవైచిరి. ఒంటిమీది పచ్చబొట్టే పలువురికి మృత్యుపత్రమయ్యెను. అది జనులకు జంకు పుట్టించుటకే జరిగెనని సుహార్తో 1989లో స్వీయచరిత్రమున చెప్పుకొనెను. దొంగతనములు తగ్గెనని సంతోషించినవారును లేకపోలేదు.

ఇక 1998. ఈ కథ వ్రాయుటకు కలము సాగదు. తూర్పు జావాలోని బన్యువాంగి ప్రాంతమున చేతబడి చేయుదురన్న అనుమానమున మూకలు మనుష్యులను చంపసాగినవి. అనుమానితుల పేరులు వ్రాయుడని జిల్లా యధికారి ఉత్తరువు చేసెను. వారి రక్షణకొఱకే యని చెప్పబడినది. ఆ జాబితాయే చంపువారికి దారి చూపెనని పలువురు చెప్పుదురు. నూటికి పైబడి చచ్చిరి. నల్లముసుగుల హంతకులు తిరుగుచున్నారని వదంతి పుట్టగా పల్లెపల్లెను కావలి ముమ్మరమయ్యెను. అప్పుడేమి జరిగినదో వినుడు: దారి తప్పి తిరుగు మతిచెడినవారిని ఆ కావలివారే పట్టి హంతకులని కొట్టి చంపిరి. మన వక్త మెచ్చుకొన్న మనుష్యులే, వంతులే! బాణామతి నెపమున మన తెలుగు పల్లెలలో జరిగిన హత్యల నెఱిగిన మనకు ఇది వింత కాదు. 1965 నాటి హత్యలను, పచ్చబొట్ల వారి హత్యలను, ఈ చేతబడి హత్యలను ఘోరమైన మానవహక్కుల భంగములని ఇండొనీషియా అధ్యక్షుడు ఒప్పుకొనినది 2023 జనవరిలో.

అట్లయిన కావలి మానవలెనా యని కొందఱడుగుదురు. మేమట్లనలేదు. ఊరి కావలి చట్టమునకు తోడుగా నుండవలెనుగాని చట్టమునకు మాఱుగా నుండరాదని మాత్రమే మా వాదము. మఱియొక సంగతి మన యిండ్లలోని తల్లులు ఆలోచింతురు గాక. ఆ కొయ్యకు దొంగ వరుస కలదు, నిప్పు వరుస కలదు. ఇంటిలోపల ఆలిని కొట్టు మగనికి వరుస లేదు. కావలి తిరుగువాడే కొట్టువాడైనచో ఆమె ఎవరిని పిలువవలెను? గృహహింసను నేరముగా నెంచు చట్టము 2004లో జకార్తానుండి రావలసి వచ్చెను. ఏ పాకనుండియు రాలేదు.

భూమి సంగతియు నట్లే. అర హెక్టారునకు, అనగా ఎకరముంబాతికకు, లోబడి సేద్యము చేయు రైతును అచ్చట ‘గురెమ్’ అందురు. కోడి యీకలలోని చిన్న పురుగు పేరది. అట్టివాని హక్కునకు పలుచోట్ల తరతరములుగా ఆధారము ఊరి కచేరీలోని పన్ను పుస్తకము మాత్రమే. అది స్వామ్యపత్రము కాదు. తిరుగు కావలి ఎంత జాగ్రత్తగా తిరిగినను ఆ పుస్తకమున ఒక గీత మాఱినచో వినలేదు.

మధ్య జావాలో పుర్వొరెజో జిల్లాయందు వదాస్ అను పల్లె కలదు. ఒక ఆనకట్టకై అచ్చటి కొండరాతిని త్రవ్వ నిశ్చయించిరి. ఒప్పనివారు ఊరి దారులలో కావలి పాకలు వేసిరి. అందు ఆడవారు వెదురు బుట్టలల్లుచు దారి కాచిరి. ఆ ద్వీపపు కావలిలో స్త్రీలు కూర్చుండుట మెచ్చదగిన క్రొత్త. 2022 ఫిబ్రవరి 8న భూమి కొలుచువారికి తోడుగా పోలీసులు పెద్దసంఖ్యలో వచ్చి అఱువదిమందికి పైగా పట్టుకొనిపోయి మఱునాడు విడిచిరి. తరువాత పలువురు పరిహారము పుచ్చుకొని భూమి నిచ్చిరి. మన వక్త మరల జావాకు పోవునేని ఆ యూరి పాకలో ఒక రాత్రి కూర్చుండి, తమకు కావలసినది కొయ్యయా, చట్టమా యని ఆ బుట్టలల్లినవారినే యడిగి రావలెనని కోరుచున్నాము.